నువ్వు తుడిచిన ఎండ

నాయనా, బెంగళూరుకు క్షేమంగా చేరాను, దిగులు పడొద్దు. పేదపిల్లలను పెద్ద కాలేజీలో చదివించే స్కాలర్‌షిప్పుకు ఈరోజే ఇంటర్వ్యూ అయింది. పట్టపగలే ఆ గదిలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఇంట్లో అలవాటు కదా, లేచి ఆపేశాను. అందరూ నన్నే చూశారు. తెలుగు తెలిసిన మేడం ఒకరు ఎందుకు ఆపావని అడిగారు.

"మాది క్యాతగానచెర్లు మేడం. మా చేను సోలార్ కంపెనీకి కౌలుకిచ్చినాం, ఆడ ప్యానెళ్లు మా నాయనే కడుగుతాడు. ఈ కరెంటు ఆడనుంచే వచ్చిందేమో, ఊరికే పోతాంటే చూడలేకపోయినా" అన్నాను.

ఆ మేడం నవ్వి, మళ్లీ లైటు వెయ్యనివ్వలేదు. కిటికీ వెలుతురులోనే మిగతా ప్రశ్నలు అడిగారు. ఫలితం వచ్చే నెల.

నల్లమేక ఈనిందా? అమ్మ మోకాలికి నూనె రాయడం మరవొద్దు. అవ్వకు నా దండాలు చెప్పు.

సాయంత్రం ఇక్కడ వీధంతా దీపాలు వెలిగాయి. నువ్వు పొద్దున తుడిచి పంపిన ఎండే అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాను.

నీ నేత్రావతి