మునీశ్వరికి కట్టిచ్చిన మాత్రలు

8 జూలై 2024, సోమవారం

మొన్న పాలు పితికేటప్పుడు ఆవు మా ఆవిడ మునీశ్వరి కాలు తొక్కింది. ఈరోజు ఆ దెబ్బ పుండై, పాదం వాచి జ్వరం వచ్చింది. మదనపల్లె పోయి చూపించుకుందామా అంది. పుంగనూరులో పద్దెనిమిదేళ్లుగా మెడికల్ షాపు నడిపేవాడి పెళ్లాం కాలి పుండుకు మదనపల్లె పోవడమా! నలుగురూ నవ్వరూ? అందరికీ కట్టిచ్చే మాత్రలే కట్టిచ్చాను. జ్వరానికొకటి, నొప్పికొకటి, తొందరగా లేచి తిరగడానికి చిన్న స్టెరాయిడ్ ఒకటి.

9 జూలై

జ్వరం దిగింది. నా హస్తవాసే హస్తవాసి.

11 జూలై, ఉదయం 6

ఒళ్లు చల్లగా ఉంది. జ్వరం లేదులే అనుకుంటుంటే, నన్ను చూసి ఎవురప్పా నువ్వు అంది. మదనపల్లెకు బండి పిలిచాను.

సాయంత్రం, కుప్పం

మదనపల్లెలో బీపీ అందలేదు. అంబులెన్సులో ఇక్కడికి తెచ్చాం. ఐసీయూలో ఉంది. సెప్సిస్ అట.

12 జూలై

డాక్టర్ ఇందు చిన్నపిల్ల. ఓపిగ్గా చెప్పింది. పుండులోని క్రిములతోనే ఆగలేదట. వాటిని చంపడానికి లేచిన ఒంటి బలగమే పట్టు తప్పి, సొంత రక్తనాళాలనూ కిడ్నీలనూ దెబ్బతీస్తోందట. ఇంట్లో ఏం మాత్రలు వాడారని అడిగింది. పారాసిటమాల్ అన్నాను. మిగతాది నోట్లోనే మింగేశాను. సిగ్గులేని నోరు.

13 జూలై

కేస్‌షీట్ చూశాను. హైడ్రోకార్టిసోన్, ఆరు గంటలకోసారి. స్టెరాయిడే! ఒళ్లు మండిపోయింది. అదిచ్చే కదా నేను దీన్ని ఈ గతికి తెచ్చింది, మళ్లీ అదే ఇస్తారా అని అరిచేశాను. అరిచాక తెలిసింది ఏమన్నానో.

డాక్టర్ ఇందు కేస్‌షీట్ నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. బలగం పోరాడాల్సిన రోజుల్లో మీరు దాన్ని అణిచారు, జ్వరం దిగింది గానీ పుండు లోపల పెరిగింది. ఇప్పుడు యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నాం, అయినా బీపీ నిలబడట్లేదు, దాన్ని నిలబెట్టడానికే స్టెరాయిడ్ కొలిచి ఇస్తున్నాం. నిన్ననే చెప్పాల్సింది అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

14 జూలై

బతికితే చాలు.

16 జూలై

బీపీ నిలబడింది. బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

20 జూలై

వార్డుకు మార్చారు. రెండు కాలివేళ్లు తీసేశారు. పక్క మంచం గుల్జార్ బీతో మునీశ్వరి నన్ను చూపిస్తూ చెబుతోంది: మా ఆయప్ప ముందే మాత్రలు కట్టిచ్చినాడు గాబట్టే ఈడ ఇట్ల కూసోనుండాను. గుల్జార్ బీ నాకు దణ్ణం పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగాను. పిరికివాణ్ణి.

5 ఆగస్టు

షాపు తెరిచాను. మా వీధి రుక్మిణమ్మ వచ్చింది. జొరమొచ్చుండాది, నీ పెండ్లాన్ని బతికించిన మాత్రలే నాకూ కట్టియ్యప్పా అంది.

ఆమెను షాపు వెనకున్న ఇంట్లోకి తీసుకెళ్లి మునీశ్వరి ఎదుట కూర్చోబెట్టాను. ప్రాణం మీదికి తెచ్చింది ఆ మాత్రలేనని ఇద్దరికీ ఒకేసారి చెప్పాను.

మునీశ్వరి నా ముఖం చూడలేదు. కుంటుకుంటూ వెళ్లి థర్మామీటర్ తెచ్చి, రుక్మిణమ్మ నోట్లో పెట్టింది.

నూటరెండు. ఆస్పత్రికి ఆటో పిలిచాను.