చీమలు ఆపిన ఏసీ

పాస్టర్ గారికి వందనాలు.

పోయిన ఆదివారం మా వారు వాల్టన్, మా ఇంటి ఏసీ తానే బాగుచేశానని సాక్ష్యం చెప్పినప్పుడు అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. నిజానికి ఆయన వీడియోలు చూసి గోడమీద థర్మోస్టాట్ మార్చారు, బ్రేకర్ మార్చారు, అయినా అది నడవలేదు. "చూస్తూ ఉండవే, అదే దారికొస్తుంది" అని చేపల వేటకు వెళ్లారు. ఆ మధ్యాహ్నం నేను మెకానిక్‌ను పిలిచాను. బయటి పెట్టెలో స్విచ్చు మధ్య చీమలు చచ్చి పేరుకుని కరెంటును ఆపేశాయట. దులిపి వెళ్లాడు. మా వారు తిరిగొచ్చేసరికి ఇల్లు చల్లగా ఉంది, అది తన పనేననుకున్నారు.

ఇప్పుడు మన సంఘంలోని ఎనభై దాటిన ఐడెల్లా గారి ఏసీ ఆగిపోయింది. ఈ టెక్సస్ ఆగస్టులో ఆవిడ తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చున్నారు. మెకానిక్‌ను పిలుద్దామంటే, "ఎందుకమ్మా దండగ? మీ ఆయనది దేవుడు ముట్టిన చెయ్యి. శనివారం వస్తానన్నాడుగా" అంటున్నారు. శనివారం దాకా ఆవిడ తట్టుకోలేరు. మా వారు చెయ్యి పెట్టాక అసలే తట్టుకోలేరు.

దయచేసి మీరే ఈరోజు ఒక మెకానిక్‌ను పంపండి. మా వారితో మాత్రం ప్రార్థన వల్ల బాగైందని చెప్పండి. అది అబద్ధం కాదు, పొద్దుటినుంచీ నేను ప్రార్థిస్తూనే ఉన్నాను. ఆయన దేవుడి ముందైతే తగ్గుతారు గానీ, మెకానిక్ ముందు తగ్గరు.

మీ సంఘంలోని సహోదరి