ఒక్కతే బిడ్డ అన్నాను

పద్మా, ఒంట్లో ఎలా ఉంది? కాళ్ల పగుళ్లు మానాయా? నీతో దళంలో ఉన్న పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? ఇక్కడ నాకు దగ్గు, చెల్లె లత బాగుంది. అడవిలో ఉన్న నీకు ఈ ఉత్తరం చేరదు. ఇంట్లో దొరికితే పోలీసులు ఊరుకోరు, అందుకే రాసి పొయ్యిలో వేస్తాను.

నిన్న లతను జగిత్యాల హాస్టల్లో చేర్పించాను. ఇక దాని తిండి, పుస్తకాలు వాళ్లవే. దరఖాస్తు నింపుతూ సారు అడిగాడు.

"పిల్లలెందరమ్మా?"

పక్కన ఒక పోలీసు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నీ పేరు చెబితే సీటు పోతుందేమో, లతను కూడా స్టేషనుకు పిలుస్తారేమో అనుకున్నాను.

"ఒక్కతే సారూ" అన్నాను.

"ఒక్కతేనా? ఇంకేంది, సాకుడు అల్కగనే అయింది నీకు!" అని నవ్వాడు.

నిజమే, తేలికగానే అయింది. నా ముసలితనంలో పుట్టిన లత కోసం అయిదో తరగతిలోనే నీ బడి మాన్పించి, నీ ఒళ్లో బీడీల చాట పెట్టాను. దాని పాలు, పలక, మందులు నువ్వు చుట్టిన బీడీలతోనే వచ్చాయి. దాన్ని సాకింది నువ్వు. నేను నిన్ను కననే లేదన్నట్టు చెప్పాను.

బయటికి రాగానే లత నా చెయ్యి విడిపించుకుంది.

"అవ్వా, అక్క లేదని ఎందుకు చెప్పినవ్? రేపు నన్ను గూడ గిట్లనే లేదంటవా?"

"పైలం బిడ్డా, మంచిగుండు" అని మాత్రం చెప్పి బస్సెక్కాను.

సారుకు నిజం చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. లతకైనా జవాబు చెప్పాలి. పిల్లల్ని చూడనిచ్చేది వచ్చే నెల మొదటి ఆదివారమట. ఆ రోజు మన కోరుట్లలో మొదటి బస్సుకే వెళ్తాను.