ఘాజియాబాద్‌లో చేయించిన కడ్డీ

1986 అక్టోబర్ 5, ఆదివారం

మా అమ్మాయి మధుతో ఢిల్లీలోనే ఝండేవాలాన్ వెళ్ళాను, వ్యాయామ సామాన్ల దుకాణానికి. దుకాణం వాడు మేరఠ్‌లో తయారైన, బరువులెత్తే బార్ ఒకటి చూపించాడు. బరువులు ఎక్కించే రెండు చివర్లూ విడిగా గిర్రున తిరుగుతాయి. నడిమి కడ్డీ మాత్రం కదలదు. మధు ఒక చివరని వేలితో అలా తిప్పి వదిలింది... తిరుగుతూనే ఉంది. దాని మొహం వెలిగిపోయింది.

"పాపా, యే వాలా!" అంది. ఇదే కావాలి నాన్నా అని.

"ఆలోచిద్దాం" అన్నాను. నిజానికి అప్పటికే వద్దనుకున్నాను.

బస్సులో, ఆర్.కె. పురంలో ఇల్లు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూచుంది.

అక్టోబర్ 7

ఆఫీసులో, లంచ్ టైములో రాస్తున్నాను.

మధుకి చెప్పిన కారణం: తిరిగేదంటే వదులుగా ఉన్నట్టే. అసలు కారణం అప్పన్న కాలు. విజయనగరంలో మా తాలింఖానాలో అలా తిరిగే చివర్ల బార్ ఒకటుండేది, పాతది. నేను తలపైకి ఎత్తాను. ఒక పక్క బోల్టు జారి చివరంతా ఊడింది. పక్కన నిలబడ్డ తోటి కుర్రాడు అప్పన్న పాదం నుజ్జయింది. బోల్టు బిగించవలసింది నేను. వాడు ఇప్పటికీ కుంటుతాడు. మా ఆవిడ సుగుణకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

కూతురికి పద్దెనిమిదేళ్ళు. ఇది చెప్పడానికి నోరు రాలేదు. "నాకు తెలుసు, నువ్వు ఊరుకో" అనడం సులువు. అదే అన్నాను.

అక్టోబర్ 11

ఘాజియాబాద్. రఫీక్ ఉస్తాద్ లేత్ షెడ్డు. కడ్డీ, చివర్లు అన్నీ ఒకే ఉక్కు ముక్కలోంచి తీయమన్నాను — ఊడే భాగమే ఉండకూడదు.

"మోటాయీ కిత్‌నీ? హాథ్ కిస్‌కా హై?" అన్నాడు ఉస్తాద్. లావు ఎంత, పట్టుకునే చెయ్యి ఎవరిదని.

నా చెయ్యి చాపాను. నా పిడికిట్లో ఓ పైపు ముక్క పెట్టి కొలుచుకున్నాడు.

అక్టోబర్ 19

కడ్డీ టెంపోలో వచ్చింది. వెనక వరండాలో చెక్కలు, పాత టైరు రబ్బరు పరిచి సిద్ధం చేశాను. మధు రెండు చేతులా పట్టుకుని చూసింది.

"మోటా హై, పాపా." లావుగా ఉందట.

"అలవాటవుతుంది."

"ఔర్ యే... ఘూమ్‌తా నహీఁ?"

"మేమంతా తిరగని దాంతోనే ఎత్తాం. ఏటే, అలా చూస్తావ్?"

చూడ్డం మానేసి సుద్దపొడి చేతులకి రాసుకుంది.

అక్టోబర్ 27

స్నాచ్ నలభై కిలోలు. ఒక్క ఊపున నేల మీంచి తలపైకి. నలభై ఎనిమిది కిలోల పిల్ల! గర్వంగా ఉంది. వచ్చే నెలాఖరున ఢిల్లీ ఆడపిల్లల జట్టుకి ఎంపిక — నవంబర్ 30. ఇలాగే ఉంటే పేరు ఖాయం.

నవంబర్ 9

సుగుణ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా అంది: "దాని మణికట్టు చూశారా? కట్టు కట్టుకుని తిరుగుతోంది."

"ఎత్తేవాళ్ళకి మామూలే."

"నేను రోజంతా చూసేది చేతులూ కాళ్ళే కదండీ. వాపు అది."

మధుని పిలిచాను. నొప్పా అని అడిగాను. "నహీఁ తో" అంది. నమ్మాను. నమ్మాలనుంది కాబట్టి నమ్మాను.

నవంబర్ 14

బొటనవేలు కడ్డీ చుట్టూ పూర్తిగా తిరగడం లేదు దానికి. మిగతా వేళ్ళ కింద బొటనవేలిని నొక్కిపెడితేనే పట్టు నిలుస్తుంది. అందడం లేదు. టేపు చుట్టుకోమన్నాను... టేపు!

నవంబర్ 23, ఆదివారం

నలభై ఐదు పెట్టాను. "కల్ కర్ లూఁ?" అంది. రేపు చేస్తానన్న మాట అది. వారమే ఉంది, ఇవాళే అన్నాను.

బాగానే లేచింది. తలపైకి వచ్చి మణికట్లు వెనక్కి వంగే క్షణం... చేతులు ఆగాయి, బరువులు ఆగలేదు. అవి తిరుగుతూ కడ్డీని తిప్పాయి, కడ్డీ కుడిచేతిని తిప్పింది. చిన్న చప్పుడు. మధు కడ్డీని వెనక్కి వదిలేసింది. చెక్క పగిలింది.

కింద కూచుంది. ఏడవలేదు. చేతిని ఒళ్ళో పెట్టుకుని అంది —

"ఘూమా నహీఁ, పాపా."

తిరగలేదు, నాన్నా... అంతే.

నవంబర్ 24

ఎక్స్‌రే. బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే చిన్న ఎముక. విరిగింది. రక్తం సరిగా అందని ఎముకట, అతకడం ఆలస్యమట. పది వారాలు ప్లాస్టరు.

డాక్టరు అడిగాడు, ఎలా అయిందని. నోరు విప్పబోయాను. అంతలో మధు — "గిర్ గయీ థీ. బాత్‌రూమ్ మేఁ."

సుగుణ నా వైపు చూసింది. డాక్టరు కాగితం మీద 'జారిపడింది' అని రాశాడు. నేను రాయనిచ్చాను.

నవంబర్ 25

ఆఫీసుకి వెళ్ళాను. ఏం చేశానో గుర్తులేదు.

నవంబర్ 30

ఎంపిక రోజు. ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. పొద్దున్నే చెయ్యి ఆనించే పట్టీ మెడలో వేసుకుని ఒక్కతే వెళ్ళింది, మిగతా అమ్మాయిల్ని చూడ్డానికి. నేనూ వస్తానంటే "నహీఁ" అంది.

సాయంత్రం వంటింట్లో వాళ్ళమ్మకి చెబుతోంది. ఎవరు ఎంత ఎత్తారో, ఎవరు తడబడ్డారో, అన్నీ హిందీలో, గలగలా. గెలిచిన అమ్మాయి స్నాచ్ నలభై రెండున్నర.

నేను ముందు గదిలో పేపరు పట్టుకుని కూచున్నాను. లోపలికి వెళితే మాటలు ఆగిపోతాయని వెళ్ళలేదు.

డిసెంబర్ 7

చెప్పాను. మధ్యాహ్నం వరండా ఎండలో ఎడమచేత్తో నారింజ ఒలుచుకోవాలని చూస్తోంది. తీసుకుని ఒలిచి ఇచ్చాను, ఒలుస్తూ చెప్పాను. అప్పన్న, బోల్టు, పాదం — అంతా. తిరిగే బార్ ఎందుకు వద్దన్నానో.

తొనలు ఒక్కొక్కటే తింది.

"పహ్లే క్యోఁ నహీఁ బతాయా?"

ముందే ఎందుకు చెప్పలేదంటే... సిగ్గేసిందన్నాను.

"బతాతే తో దుకాన్‌వాలే సే ఖుల్‌వా కే దేఖ్ లేతే." తరవాత, నాకు సరిగా అర్థం కాలేదనుకుందో ఏమో, తనకొచ్చిన తెలుగులో: "విప్పి చూసేవాళ్ళం కదా, నాన్నా. ఇద్దరం."

'పాపా' అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

డిసెంబర్ 14

ఒక్కణ్ణే ఝండేవాలాన్ వెళ్ళాను. ఆ బార్ చివర విప్పి చూపించమన్నాను. ఐదు నిమిషాలు పట్టలేదు దుకాణం వాడికి. లోపల ఒక ఉక్కు వలయం, దాని వెనక ఇంకొకటి. ఇప్పుడిక బోల్టు మీద ఆధారపడరట. "ఐసే నికల్ హీ నహీఁ సక్‌తా, సాబ్" అన్నాడు. ఊడి రావడమన్నదే ఉండదట. ఇరవై ఏళ్ళ నాటి భయాన్ని పట్టుకుని కూచున్నాను నేను. ఐదు నిమిషాలు ఆగి అడిగి ఉంటే సరిపోయేది.

కొనలేదు. ఎవరికని కొనను?

డిసెంబర్ 29

సుగుణ అంది: "నేనూ గట్టిగా అనాల్సింది. వాపని తెలిసీ ఊరుకున్నాను." నీ తప్పేం లేదన్నాను. "నాకు తెలుసు, మీరు ఊరుకోండి" అంది. ఇద్దరం నవ్వబోయాం. నవ్వు రాలేదు.

1987 ఫిబ్రవరి 3

ప్లాస్టరు తీశారు. చెయ్యి సన్నగా, పాలిపోయి, వేరే ఎవరి చెయ్యో అన్నట్టుంది. మణికట్టు వెనక్కి సగం కూడా వంగడం లేదు.

ఈసారి డాక్టరుతో నేనే చెప్పాను — బాత్‌రూమ్ కాదు, బరువు, నేను పెట్టినది. ఆయన కాగితం మీద పాతది కొట్టేసి మళ్ళీ రాశాడు. మధు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. తరవాత నేరుగా ఆయన్నే అడిగింది, మళ్ళీ తలపైకి ఎత్తగలనా అని.

"ఎముక అతికింది. వంపు ఎంత వస్తుందో ఆర్నెల్లు చూడాలి" అన్నాడు. వస్తుందనలేదు.

ఫిబ్రవరి 5

రేపటి నుంచి ఫిజియోథెరపీ. వారానికి మూడు రోజులు. సుగుణకి పగటి డ్యూటీ. "ఎవరు తీసుకెళ్తారు?" అంది.

నేను సెలవు పెడతానన్నాను. మధు జడ వేయించుకుంటోంది, కుడిచెయ్యి ఇంకా జడకి అందదు. తల తిప్పలేదు.

"కిత్‌నే బజే?"

ఎన్నింటికని నన్ను అడిగిందో, వాళ్ళమ్మని అడిగిందో. సుగుణ దువ్వెన ఆపింది.

ఎనిమిదిన్నరకి అన్నాను.