ఐ. ఫారో గొంతు

లండన్, ఫిబ్రవరి 9, 1974

ప్రియమైన నాన్నా,

ఈ ఉదయం గుమ్మంలో ఒక నీలిపిట్ట పాలసీసా రేకు మూతను పొడిచి పొడిచి మీగడంతా తాగిపోయింది. ఏమాత్రం తొందరపడలేదు.

మీ ఉత్తరం అందింది. ఇరవై ఆరేళ్ళు కెథడ్రల్ గాయక బృందంలో ఆడవాళ్ళ స్థాయిలో పలికిన మగగొంతు మీది. ఆ తేట, వణుకులేని పాట కోసం ఒకప్పుడు పక్క ఊళ్ళవాళ్ళు వచ్చేవారు. మీలాగే పై స్థాయిలో పాడే ఇప్పటి మగవాళ్ళు, ఆ కౌంటర్‌టెనర్లు, రికార్డుల్లో నిండుగా, హాలు అదిరేలా పాడుతున్నారు. జనం రుచి మారింది, ఒప్పుకుంటాను. కానీ బృందం మాస్టారు హేవర్స్ అందరి ముందూ "నీది ముసలమ్మ గొంతు, ప్రౌట్. ఈస్టర్ తర్వాత రాకు. నాకు మగాడు కావాలి" అన్నాడే, అది ఒప్పుకోను. కాన్వెంట్‌లో నా గొంతు మోటుగా ఉందని, పాటల్లో నన్ను ఊరికే పెదాలు కదపమన్న సిస్టర్ మీద కూడా నాకింత కోపం రాలేదు.

మీ స్థానానికి టేపులు పంపమన్న ప్రకటన చూశాను. మీ పాత టేపు నా దగ్గరుంది. ఆ మాట ఆయన చేతే మింగిస్తాను.

మీ ఇమోజెన్

ఆల్డ్‌మిన్‌స్టర్, మార్చి 2

చిట్టితల్లీ ఇమ్మీ,

ఎంత పని చేశావే! నిన్న సాధన మధ్యలో హేవర్స్ టేపు పెట్టాడు. "వినండయ్యా, ఐ. ఫారో! మగగొంతంటే ఇదీ. ప్రౌట్, చెవులు రిక్కించు, ఇప్పటికైనా తెలుస్తుంది" అన్నాడు. నా వెనక నిలబడే డిగ్బీ "మీసాలు కూడా వినిపిస్తున్నాయండీ" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఫారోని ఎంపిక చేసినట్టు కెథడ్రల్ పత్రికలో అచ్చు కూడా వేయించాడు.

మీ అమ్మ పుట్టింటి పేరు వినగానే నాకు అర్థమైంది. గిన్నెలు కడుగుతూ మనం పాడుకునే పాటే అది. ఊపిరి తీసుకునే చోట్లన్నీ నావే. అయినా నేనెప్పుడు అంత నిండుగా పాడానా అని ఆశ్చర్యపోయాను.

ఇక చాలమ్మా. పదో తేదీ ఆదివారం ఫారోని రమ్మన్నాడు. ఎవరూ రాకపోతే తనే ఊరుకుంటాడు. వదిలెయ్ అతన్ని.

నీ మేలు కోరే
నాన్న

లండన్, మార్చి 7

ప్రియమైన నాన్నా,

వదలను. రుచి మారిందని మర్యాదగా చెప్పి పంపితే ఊరుకునేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం రైలుకి వస్తున్నాను. ఫారో తప్పక హాజరవుతాడని హేవర్స్ గారికి జాబు రాశాను. అందరినీ వరసలో నిలబెట్టి మరీ పరిచయం చేస్తానని బదులిచ్చారు. మీరు తెల్ల అంగీ వేసుకుని మీ చోట్లోనే నిలబడండి. తల దించకండి.

మీ టేపు ఎప్పుడో తెగిపోయింది, నాన్నా. ఆయన విన్నదాంట్లో పాడింది నేను.

ఇమోజెన్