మరియమ్మక్క చెయ్యి కాలింది

శనివారం, మదనపల్లె

ఒళ్ళంతా నొప్పులు. పండుకుంటే నిద్ర రావడం లేదు.

ఈపొద్దు మధ్యాహ్నం మా హోటల్లో కోళ్ళను పొగలో కాల్చే కరెంటు పొయ్యి, పెల్లెట్ స్మోకర్ మూత తీయగానే మంట ఎగిసి, నాతోపాటు వంట చేసే మరియమ్మక్క కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కోళ్ళ నుంచి కారిన కొవ్వు అడుగు ట్రేలో నాలుగు రోజులుగా పేరుకోని ఉండాది. అదే అంటుకునింది. ఆ ట్రే కడగడం, చెక్కగుళికలు మండే గిన్నెలో బూడిద తోడడం నా పని. నిన్న ఓనరు అడిగితే "కడిగినానన్నా" అన్నాను. కడగలేదు. నడుము వంగక వదిలేసినాను.

ఓనరు పరిగెత్తుకొచ్చి "ఎట్లయింది?" అంటే, అక్కే ముందు "మూత గబుక్కున తీసినానప్పా" అనింది. నేను ఆమె చేతి మీద నీళ్ళు పోస్తా ఉన్నాను.

ఆమెకు కట్టు కట్టించి ఇంట్లో దింపి, మళ్ళీ హోటలుకు పోయినాను. ప్లగ్గు పీకి, పొయ్యి చల్లారినాక ట్రే గీకితే వేలు మందాన నల్లటి జిడ్డు వచ్చింది. అప్పుడు ఓనరుకు నిజం చెప్పినాను. ఆయన "అక్కకు చెప్పినావా?" అన్నాడు.

పొద్దు గూకినాక ఆమె ఇంటికి పోయి చెప్పినాను.

"తెలుసులేమ్మా," అనింది అక్క. "పొద్దున ఆ ట్రే సూసినా. కడిగే ఓపిక లేక నేనే మళ్ళీ లోపలికి తోసేసినా."

ఆ తర్వాత అక్క, చెయ్యి లేవడం లేదని, జడ వేయమని నా వైపు వీపు తిప్పి కూర్చునింది. వేసినాను. సోమవారం పనికొస్తానంటా ఉండాది.