మార్పిడికి ముందు శనివారం

ఆటగాళ్ల శిక్షణాధికారి గారికి,

ఊహ తెలిసినప్పటి నుంచి నేను మీ బేస్‌బాల్ జట్టు అభిమానిని. ఎదుగుతున్న కుర్రాళ్లను ఇచ్చి పేరున్నవాణ్ణి తెచ్చుకోవడాన్ని మా కళాశాల చర్చావేదికపై ఎన్నోసార్లు సమర్థించాను కూడా. కనుక నా అభ్యంతరం ఆటగాళ్ల మార్పిడి మీద కాదు, మీ అబద్ధం మీద.

మీ కింది స్థాయి చిన్న లీగు జట్టులో బంతి విసిరే పిచర్‌గా ఉన్న మా తమ్ముడు క్లైడ్, మోచెయ్యి నొప్పెడుతోందని నా ఎదుటే కోచ్‌కు చెప్పాడు.

“మార్పిడి కోసం శనివారం అవతలి జట్టువాళ్లు నిన్ను చూడ్డానికొస్తున్నార్రా. అప్పటిదాకా నోరు మూసుకో. వాళ్ల దగ్గరికి పోయాక ఎంత కావాలంటే అంత మూలుగు,” అని ఆయన నవ్వాడు.

క్లైడ్ నొప్పితోనే బంతులు విసిరాడు. మార్పిడి కుదిరింది. మోచేతి లిగమెంటు తెగిందని అవతలి జట్టు వైద్యుడు తేల్చడంతో అది రద్దయింది. గాయం దాచాడన్న నింద వేసి మీరు వాణ్ణి తొలగించారు.

ఆ నింద ఉన్నంతకాలం వాణ్ణి ఏ జట్టూ చేర్చుకోదు. నొప్పి సంగతి వాడు ముందే చెప్పాడని మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాదంటే కోచ్‌ను నా ఎదుట కూర్చోబెట్టి అడగండి.

ఈ ఉత్తరం రాయొద్దని క్లైడ్ నన్ను బతిమాలాడు. కోచ్‌కు కోపమొస్తే, చెయ్యి బాగయ్యాక తనను మళ్లీ పిలవడేమోనని వాడి భయం.

ఇట్లు,
క్లైడ్ అక్క